కల మనసులోనే ఉండిపోతోంది, పనిలోకి దింపేదెలా?

వెన్నెలదారి
అందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసును తొలిచేస్తున్న విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలన్నది నా కల. ఇవాళ నిన్న పుట్టింది కాదు, నాతోపాటే పెరిగింది. ఇప్పుడు ఆఫీసు, ఇల్లు, ఐదేళ్ల బాబు. రాత్రి పడుకునే ముందు నా పేరుతో వచ్చిన పుస్తకం కళ్లముందు కనిపిస్తుంది. అట్ట మీద ఏ రంగులుండాలో కూడా తెలుసు. మంచి రంగులు కొని పెట్టుకున్నాను, పాఠాల వీడియోలు దాచుకున్నాను. కాగితం ముందు కూర్చునే రోజు మాత్రం రావడం లేదు.

నాకు ప్రోత్సాహం తక్కువేమీ లేదు. ఇంట్లో అందరూ "నువ్వు చేయగలవు" అనేవాళ్లే. కోరికకీ పనికీ మధ్య ఉన్న ఆ ఖాళీని దాటినవాళ్లు ఎవరైనా ఉంటే, అసలు ఏం చేశారో వివరంగా చెప్పండి. పెద్ద మాటలు వద్దు, చేసిన పని కావాలి.

తూనీగ
అక్కా, రంగుల పెట్టె జోలికి పోకండి. ఈ రాత్రి బాబు నిద్రపోయాక పెన్సిల్ తీసుకుని వాడి చేయి గీయండి. దిండు మీద వాలిన చేయి, సగం ముడిచిన వేళ్లు, అంతే. పది నిమిషాలు చాలు. బాగా వచ్చిందా లేదా అని చూడొద్దు, కింద తేదీ వేసి పుస్తకం మూసేయండి.

ఆశాజ్యోతి
నా అభిప్రాయం వేరు. ముందు మనసులో గట్టిగా అనుకోవాలి, అప్పుడే చేతులు కదులుతాయి. రోజూ ఉదయం పది నిమిషాలు కళ్లు మూసుకుని మీ పుస్తకం అచ్చయి వచ్చినట్టు, పిల్లలు చదువుతున్నట్టు ఊహించుకోండి. లక్ష్యాన్ని కాగితం మీద రాసి గోడకు అతికించండి. యేల్ విశ్వవిద్యాలయంలో 1953లో చదువు ముగించినవాళ్లలో నూటికి ముగ్గురే తమ లక్ష్యాలు రాసుకున్నారట. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే మిగతా 97 మంది ఆస్తి అంతా కలిపినా ఆ ముగ్గురికే ఎక్కువ ఉందట. రాసుకోవడంలో అంత శక్తి ఉంది.

లెక్కలమాస్టారు
ఆశాజ్యోతి గారూ, మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ యేల్ కథ నిజంగా జరిగింది కాదండి. ఉపన్యాసాల్లో దశాబ్దాలుగా తిరుగుతోంది. ఆ విశ్వవిద్యాలయం లైబ్రరీవాళ్లే వెతికి చూసి, అలాంటి అధ్యయనం జరిగిందనడానికి ఆధారమేదీ లేదని చెప్పారు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ని, నేనూ పిల్లలకు ఎన్నో చోట్ల ఈ కథ చెప్పగా విన్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

నిజంగా జరిగిన పరిశోధన ఒకటి చెబుతాను. గాబ్రియేలే ఎట్టింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహ పరిశోధకురాలు డోరిస్ మేయర్‌తో కలిసి 2002లో ప్రచురించింది. జర్మనీలో చదువు పూర్తి చేసుకుంటున్న విద్యార్థులను, మంచి ఉద్యోగం వచ్చినట్టు ఎంత తరచుగా ఊహించుకుంటారని అడిగారు. రెండేళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ కలిశారు. తియ్యటి ఊహల్లో ఎక్కువగా తేలినవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు, తక్కువ ఉద్యోగాలు అందుకున్నారు, జీతాలు కూడా తక్కువే. 2011లో హెదర్ కాపెస్‌తో కలిసి ఆమె చేసిన ప్రయోగాల్లో దీనికి కారణం కొంత బయటపడింది. కోరుకున్నది దొరికేసినట్టు ఊహించుకున్నాక ఒంట్లో ఉత్సాహం తగ్గుతోంది, పై రక్తపోటు పడిపోతోంది. అంటే శరీరం పనికి సిద్ధం కావడం లేదు, విశ్రాంతిలోకి జారుకుంటోంది.

వెన్నెలదారీ, నువ్వు రాత్రి అట్ట మీద రంగులు చూసుకుంటున్నప్పుడు జరుగుతున్నది అదేనేమో ఆలోచించమ్మా. పుస్తకం వచ్చేసిన తృప్తి కొంత నీకు అప్పుడే అందేస్తోంది.

ఆశాజ్యోతి
ఆ కథ నిజం కాదని ఇప్పుడే తెలిసింది మాస్టారూ, ధన్యవాదాలు. కానీ నాకు ఒక సందేహం. అస్సలు ఊహించుకోకూడదంటే ఎలా? నమ్మకం లేకుండా ఎవరైనా ఏ పనైనా మొదలుపెడతారా? మా అమ్మాయికి పరీక్షలంటే విపరీతమైన టెన్షన్. "బాగా రాసినట్టు ఊహించుకో" అని చెబితేనే కాస్త కుదుటపడుతుంది. దాన్ని కూడా మానమనాలా?

లెక్కలమాస్టారు
మానమనక్కర్లేదు, మలుపు మార్చాలి. ఇక్కడ రెండు వేరు విషయాలు కలిసిపోతున్నాయి. "నేను చేయగలను" అన్న నమ్మకం ఒకటి, "అయిపోయింది" అన్న ఊహ ఇంకొకటి. ఆ జర్మనీ విద్యార్థుల్లోనే, ఉద్యోగం వస్తుందని గట్టి నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువ సాధించారు. నమ్మకం పనికి తోడు వచ్చింది. ఊహ పనికి బదులు వచ్చింది.

మీ అమ్మాయి విషయానికి సరిగ్గా సరిపోయేది ఒకటుంది. లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే ఇద్దరు 1999లో విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. పరీక్షకు ముందు కొందరిని మంచి మార్కులు వచ్చినట్టు, గోడ మీద జాబితాలో తమ మార్కు చూసుకుని పొంగిపోయినట్టు ఊహించుకోమన్నారు. ఇంకొందరిని చదువుతున్నట్టు ఊహించుకోమన్నారు. బల్ల ముందు కూర్చోవడం, టీవీ కట్టేయడం, స్నేహితులు పిలిచినా రానని చెప్పడం, పాఠం తిరగేయడం. రెండో రకం ఊహించినవాళ్లు ముందుగా చదువు మొదలుపెట్టారు, ఎక్కువ గంటలు చదివారు, మార్కులూ బాగా తెచ్చుకున్నారు, ఆందోళన కూడా తగ్గింది. కాబట్టి ఊహించుకోమనే చెప్పండి. బహుమతి అందుకున్నట్టు కాకుండా, రాత్రి ఏడింటికి పుస్తకం తెరిచి మూడో లెక్క దగ్గర చిక్కుకుని మళ్లీ మొదటి నుంచి చేస్తున్నట్టు.

ఆశాజ్యోతి
ఇది చాలా బాగుంది. ఇవాళే చెబుతాను.

నీటిచుక్క
నేను పెద్దయ్యాక ఈత నేర్చుకున్నదాన్ని. వెన్నెలదారి గారు చేసిన పని చెప్పమన్నారు కాబట్టి అదే చెబుతాను.

నీళ్లంటే నాకు ఎంత ఇష్టమో అంత భయం. సముద్రంలో ఈదుతున్నట్టు కలలు వచ్చేవి. కొలనులో దిగిన మొదటి వారం మా కోచ్ ఈదమనలేదు. గట్టు పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో గాలి వదలమన్నారు. బుడగలు వచ్చినంతసేపు వదిలి, తల పక్కకు తిప్పి నోటితో గాలి పీల్చాలి. మళ్లీ ముఖం నీళ్లలోకి. అంతే, ఆ వారమంతా ఆ ఒక్క పనే. మా పక్క లేన్‌లో చిన్నపిల్లలు చేపల్లా వెళ్లిపోతుంటే నేను గట్టు పట్టుకుని బుడగలు వదులుతూ ఉండేదాన్ని.

తర్వాత తెలిసింది, నీళ్లలో మునిగిపోతామన్న భయం చాలావరకు ఊపిరి బిగపట్టడం వల్లే వస్తుంది. గాలి వదలడం అలవాటైతే మెడ వదులవుతుంది, మెడ వదులైతే తల నీళ్లలో వాలుతుంది, తల వాలితే కాళ్లు వాటంతటవే పైకి తేలతాయి. "ఈత నేర్చుకోవాలి" అన్న కోరికలో ఇవేవీ కనబడవు. నీళ్లలో దిగాకే మొదటి పని బుడగలు వదలడమని తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని నేను ఎన్ని ప్రణాళికలు వేసుకున్నా బుడగలు అందులో ఉండేవి కావు.

బొమ్మల్లో కూడా అలాంటిదేదో ఉంటుంది. అదేమిటో గీయడం మొదలుపెట్టాకే మీకు దొరుకుతుంది.

నిలకడ
అందరూ మంచి మాటలు చెబుతున్నారు. నా మాట కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. మా నాన్నకు పక్షవాతం. పగలు నా ఉద్యోగం, రాత్రి ఆయన పక్కన నేనే. మధ్యలో ఎప్పుడు నిద్ర లేవాల్సి వస్తుందో తెలియదు. సంగీతం నేర్చుకోవాలని నాకూ ఉంది. "మొదటి అడుగు వెయ్యి, లోకమే నీ వెంట వస్తుంది" అని ఎవరైనా అంటే నాకు కడుపు మండుతుంది. అడుగు వేయనివాళ్లందరూ బద్ధకస్తులు కాదు. కొందరికి కాలు తీసి పెట్టే చోటు లేదు.

గాలిపటం
నిలకడ గారూ, మీ పరిస్థితికి నిజంగా బాధగా ఉంది. మిమ్మల్ని ఉద్దేశించి కాదు గానీ, ఉద్యోగం చూసుకుంటూనే కల నెరవేర్చుకున్నవాళ్ల గురించి రాయాలనిపించింది.

రైట్ సోదరుల గురించి విమానం ఎగిరిన రోజే అందరికీ తెలుసు, 1903 డిసెంబర్ 17. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. ఆ రోజు నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. నాకు మాత్రం అంతకన్నా 1901 ఎక్కువ ఇష్టం. వాళ్లది సైకిళ్ల దుకాణం. సైకిళ్ల సీజన్ లేని నెలల్లోనే గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) పని. 1901 గ్లైడర్ దారుణంగా విఫలమైంది. లెక్క ప్రకారం రావాల్సిన లిఫ్ట్‌లో (గాలి రెక్కను పైకి లేపే బలంలో) మూడో వంతు మాత్రమే వచ్చింది. విల్బర్‌కు ఎంత నిరుత్సాహం కలిగిందంటే, మన కాలంలో మనిషి ఎగరడం జరిగే పని కాదనుకున్నాడు.

ఇంటికి వచ్చాక వాళ్లు చేసింది చూడండి. ఇంకో పెద్ద గ్లైడర్ కట్టలేదు. అప్పటిదాకా అందరూ నమ్మిన గాలి లెక్కల పట్టికలు సరిపోవడం లేదని తేల్చుకుని, దుకాణంలోనే ఆరడుగుల చెక్కపెట్టె తయారుచేశారు. ఒక చివర ఫ్యాన్. లోపల రేకుతో చేసిన చిన్న చిన్న రెక్కలు. రెక్క మీద గాలి బలం కొలిచే తక్కెడను సైకిల్ చక్రాల పుల్లలతో, రంపపు బ్లేడు ముక్కలతో చేసుకున్నారు. దాదాపు 200 రెక్కల ఆకారాలు ఒక్కొక్కటే మార్చి మార్చి పరీక్షించారు. 1902లో గాల్లో చక్కగా నిలిచిన గ్లైడర్ ఆ పెట్టెలోంచి వచ్చిన అంకెలతోనే తయారైంది.

"ఎగరాలి" అన్న పెద్ద మాటను వాళ్లు "ఈ వంపున్న రేకు ముక్కకు ఎంత లిఫ్ట్ వస్తుంది" అన్న ప్రశ్న దాకా దించారు. దానికి ఆ సాయంత్రమే జవాబు వెతకొచ్చు. వెన్నెలదారి గారి కలను కూడా అలా దించాలని నా కోరిక.

నిలకడ
గాలిపటం గారూ, బాగా రాశారు, నాకు తెలియని సంగతులు ఉన్నాయి. కానీ ఇంకో సంగతి కూడా కలపండి. ఆ ఇద్దరికీ పెళ్లి కాలేదు. తల్లి పోయాక ఇంటి బాధ్యత వాళ్ల చెల్లెలు కేథరిన్ చూసుకుంది. ఎవరో ఒకరు ఇల్లు నిలబెట్టబట్టే ఆ చెక్కపెట్టె ముందు గంటలు గంటలు కూర్చోగలిగారు. కష్టపడినవాళ్ల కథలో ఆ రెండో మనిషి పేరు కూడా రావాలి.

గాలిపటం
నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను.

వెన్నెలదారి
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిలకడ గారి మాట నా మనసులో బాగా నాటుకుంది. నాకు రాత్రి తొమ్మిదిన్నర తర్వాత అరగంట దొరుకుతుంది, ఆ అరగంట ఆయనకు లేదు. ఉన్నదాన్ని వాడుకోవాలన్న పట్టుదల దీంతో పెరిగింది.

తూనీగ చెప్పినట్టు బాబు చేయి గీశాను. బొటనవేలు ఎక్కడి నుంచి మొదలవుతుందో అసలు చూడలేదని అప్పుడు తెలిసింది. అది అరచేతి అంచు నుంచి కాదు, దాదాపు మణికట్టు దగ్గర నుంచే లేస్తుంది. మిగతా వేళ్ల వైపు కాకుండా పక్కకు తిరిగి ఉంటుంది. ఇన్నేళ్లు పట్టుకున్న చేయి!

ఇప్పుడు నా ప్రశ్న. ఒక రోజు చేయగలిగాను. ఇది నిలబడేదెలా? ఆరంభశూరత్వం అవుతుందేమోనని భయం.

లెక్కలమాస్టారు
బొటనవేలు చూశావు కదా, సగం గెలిచావమ్మా.

నిలబెట్టే విషయంలో పీటర్ గోల్విట్జర్ అనే శాస్త్రవేత్త చేసిన పని గొప్పది. ఆయన చెప్పేది చాలా చిన్న మాట. "రోజూ గీస్తాను" అనుకోవడం సంకల్పం. "బాబుకు దుప్పటి కప్పి గదిలోంచి బయటికి రాగానే వంటింటి బల్ల దగ్గర కూర్చుని పెన్సిల్ తీస్తాను" అనుకోవడం ఏర్పాటు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని అయిన వెంటనే అన్నది ముందే తేల్చేస్తే, ఆ వేళకి మళ్లీ మనసుతో బేరం పెట్టుకోనక్కర్లేదు. చూసిన దృశ్యమే చేతిని కదిలిస్తుంది.

దీని మీద సారా మిల్న్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనం నాకు చాలా ఇష్టం. విద్యార్థులను మూడు జట్లు చేశారు. వారంలో ఒక్కసారైనా ఇరవై నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయాలి. మొదటి జట్టుకు ఏమీ చెప్పలేదు, నూటికి 38 మంది చేశారు. రెండో జట్టుకు వ్యాయామం చేయకపోతే గుండెకు ఎంత ప్రమాదమో బోధపడేలా సమాచారం ఇచ్చారు. వాళ్లలో చేసింది 35 మంది. మూడో జట్టుకు అదే సమాచారం ఇచ్చి, ఏ రోజు, ఏ వేళకి, ఏ చోట చేస్తారో రాసిమ్మన్నారు. 91 మంది చేశారు.

రెండో జట్టు అంకె మరోసారి చూడండి. ప్రోత్సాహం ఒక్కటే ఇస్తే, ఏమీ ఇవ్వనివాళ్లకన్నా మెరుగేమీ లేదు. వెన్నెలదారి మొదటి రోజే "నాకు ప్రోత్సాహం తక్కువేమీ లేదు" అంది. ఆ పిల్లకు విషయం అప్పటికే తెలుసు.

తూనీగ
మాస్టారూ, ఇంకోటి కలపనా? చెదిరిపోయే రోజుకు కూడా ఏర్పాటు ఉండాలి. "బాబుకు జ్వరం వస్తే, వాడి పక్కనే కూర్చుని ఒక్క గీత, వాడి చెవి మాత్రమే." నేను తబలా నేర్చుకునేటప్పుడు ఇలాగే పెట్టుకున్నాను. చేతికి దెబ్బ తగిలిన వారం బోల్స్ (తబలా దెబ్బలకు పలికే అక్షరాలు) నోటితో చెప్పుకుంటూ తాళం వేసేవాణ్ని. చేయి నయమయ్యాక తిరిగి తబలా ముందు కూర్చోవడం కష్టమనిపించలేదు.

ఆశాజ్యోతి
21 రోజులు ఆపకుండా చేస్తే ఏదైనా అలవాటైపోతుందంటారు కదా, అది నిజమేనా? ఈసారి ముందే అడుగుతున్నాను :)

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న. 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స తర్వాత రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి రాశారు. అది నోళ్లలో పడి "కనీసం" ఎగిరిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం నిజంగానే కొలిచి చూసింది. 96 మంది ఒక్కొక్క కొత్త పని ఎంచుకుని పన్నెండు వారాలు చేశారు. మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరి లెక్క 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది, పన్నెండు వారాలు దాటినవి అప్పటిదాకా కొలిచినదాన్ని బట్టి వేసిన అంచనాలు. భోజనంతో ఒక గ్లాసు నీళ్లు తాగడం లాంటివి త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామం లాంటివి ఆలస్యమయ్యాయి. ఒక రోజు తప్పితే కొంప మునగదని కూడా ఆ అధ్యయనమే తేల్చింది.

కాబట్టి ఇరవై రెండో రోజు కష్టంగా అనిపిస్తే మనలో లోపం ఉందని అనుకోవద్దు.

నీటిచుక్క
తప్పిన రోజు గురించి నేనూ ఒక మాట. మానేసిన రోజుకన్నా, మానేసినందుకు మనల్ని మనం తిట్టుకునే రోజు ప్రమాదం. అపరాధభావంతో ఈత సంచీ వంక చూడబుద్ధి కాదు. కెనడాలో మైకేల్ వోల్, టిమ్ పిచిల్ వాళ్లు 2010లో విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో కూడా, మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసి, ఆ తర్వాత తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టుకుంటే దారిలోకి వస్తామనుకుంటాం, జరిగేది తలకిందులు.

వెన్నెలదారి
ఇంకో సందేహం. నా కల గురించి బంధువులకి, ఆఫీసులో అందరికీ చెప్పేయనా? చెబితే పరువు కోసమైనా చేస్తాం కదా అని మావారు అంటున్నారు.

తూనీగ
చెప్పేయండి అక్కా. నాకైతే చెప్పబట్టే జరిగింది.

లెక్కలమాస్టారు
ఇక్కడ నేను తూనీగతో పూర్తిగా ఏకీభవించను. గోల్విట్జర్ బృందం 2009లో చేసిన ప్రయోగాల్లో, "నేను ఫలానా అవుతాను" అన్న సంకల్పాన్ని ఇతరులు గుర్తించినప్పుడు, దానికి పెద్దగా కట్టుబడి ఉన్నవాళ్లే తర్వాత తక్కువ శ్రమించారు. మంచి లాయర్ కావాలనుకునే న్యాయశాస్త్ర విద్యార్థులు వాళ్లలో ఉన్నారు. నలుగురూ "ఓహో, మీరు చిత్రకారిణి కాబోతున్నారా" అనగానే సగం అయిపోయినట్టు ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పేరు ముందే వచ్చేస్తుంది.

తూనీగ
నేను చెప్పింది అందరికీ కాదు మాస్టారూ, మా గురువుగారికి. "శుక్రవారం ఈ కాయిదా వాయించి వినిపిస్తాను" అని. కాయిదా అంటే తబలాలో ఒక పాఠం. శుక్రవారం ఆయన అడిగేవారు.

లెక్కలమాస్టారు
అలాగైతే నాకు అభ్యంతరమే లేదు తమ్ముడూ. చేయబోయే పనిని, అడిగే మనిషికి, తేదీతో సహా చెప్పడం వేరు. అది చాలా మంచి పద్ధతి.

మూడోమలుపు
నేను ఇంతసేపూ చదువుతున్నాను. ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్పాలి. కొన్ని కలలు ప్రయత్నించాకే మనవి కావని తెలుస్తాయి. నాకు పైలట్ కావాలని ఉండేది. వైద్య పరీక్షలో చూపు దగ్గర ఆగిపోయింది. రెండో అభిప్రాయం తీసుకున్నాను, నిబంధనలన్నీ చదివాను, దారి లేదని ఖాయమైంది. కొన్నాళ్లు ఆకాశం వైపు చూడబుద్ధి కాలేదు. ఇప్పుడు విమానాల మరమ్మతు ఇంజినీరుగా పనిచేస్తున్నాను. నేను సంతకం పెట్టాకే విమానం కదులుతుంది, ఆ బాధ్యత నాకు ప్రాణం.

కార్స్టెన్ వ్రోష్ అనే శాస్త్రవేత్త, సహచరులతో కలిసి 2003లో రాసిన పరిశోధన నాకు ఆ రోజుల్లో చాలా ధైర్యమిచ్చింది. అందని లక్ష్యాన్ని వదులుకోగలిగి, మరో అర్థవంతమైన లక్ష్యం వైపు మళ్లగలిగినవాళ్ల మనసు మెరుగ్గా ఉంటుందని వాళ్లు చూపించారు. కోరుకుంటూ కూర్చుంటే నా కల ఇప్పటికీ కలగానే ఉండేది, నేను దాని కిందే నలిగిపోతుండేవాణ్ని. వెళ్లి తలుపు తట్టాను కాబట్టే మూసి ఉందని తెలిసింది, పక్క తలుపు కనిపించింది.

నిలకడ
మూడోమలుపు గారూ, మీ మాటలు రెండుసార్లు చదివాను. నా విషయంలో తలుపు మూసుకోలేదు, వేళ కుదరలేదు అంతే అనిపిస్తోంది. నాన్న మేలుకుని ఉన్నప్పుడు పాత పాటలు పెడతాను. ఆయనకు మాట రాదు గానీ వేలితో తాళం వేస్తారు. అది చూస్తే తట్టింది, స్వరస్థానాలు ఆ వేళలోనే నేర్చుకోవచ్చు కదా అని. ఆయన మంచం పక్కనే, చిన్న గొంతుతో. శ్రుతి పెట్టె యాప్ ఫోన్‌లో వేసుకున్నాను. ఎవరైనా సరళీ స్వరాలు ఏ క్రమంలో మొదలుపెట్టాలో చెబితే మేలు చేసినవారవుతారు.

తూనీగ
అన్నా, మీకు విడిగా రాస్తున్నాను. మాయామాళవగౌళ రాగంతో మొదలుపెడదాం. మొదటి వారం షడ్జం (స), పంచమం (ప) నిలపడమే, అవి శ్రుతిలో కలిసే దాకా ముందుకు వద్దు. శుక్రవారం నాకు పాడి పంపండి, నేను అడుగుతాను.

ఇంకుచుక్క
ఆలస్యంగా చూశాను. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడమే నా వృత్తి కాబట్టి వెన్నెలదారి గారికి ఈ పని లోపలి సంగతులు చెబుతాను.

బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు ఉంటుంది. అచ్చు కాగితం మడత వల్ల పేజీలు ఎనిమిది, పదహారు చొప్పున వస్తాయి, అందుకే ఆ లెక్క. పేరు పేజీ, ప్రచురణ వివరాలు పోగా కథకు దాదాపు 24 నుంచి 28 పేజీలు మిగులుతాయి. ముందు రంగులతో పెద్ద బొమ్మ వేయం. ఒకే కాగితం మీద 32 చిన్న గడులు గీసి, అగ్గిపెట్టెంత బొమ్మల్లో కథ మొత్తం వేసుకుంటాం. పేజీ తిప్పే చోట ఏం ఆపాలి, తిప్పగానే ఏం చూపించాలి అన్నది అక్కడే తేలుతుంది. అది మీ అరగంటల్లో నాలుగైదు రాత్రుల పని అనుకుంటారు, రెండింతలు పట్టొచ్చు. అందరికీ అంతే. 1994లో రోజర్ బ్యూలర్ బృందం డిగ్రీ విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది 55 రోజులకు పైనే. అంతా ఎదురు తిరిగితే ఎన్నాళ్లని అడిగినప్పుడు కూడా 49 రోజుల లోపే చెప్పారు. కాబట్టి గడువు పెట్టుకునేటప్పుడు మీ మనసు చెప్పిన అంకెను నమ్మకండి, ఇంతకుముందు అలాంటి పనికి నిజంగా ఎంత పట్టిందో చూసుకోండి.

ప్రచురణకర్తకు చూపించడానికి పది పన్నెండు బొమ్మలు చాలు. అందమైన విడి బొమ్మలు పది ఉన్నా అక్కడ అంతగా పనికిరావు. ఒకే పాత్ర పేజీ పేజీకీ ఆ పాత్రలాగే ఉందా అన్నది మొదట చూస్తారు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. మొదటి పేజీలో గుండ్రటి ముఖం ఐదో పేజీకి కోలగా అయిపోతుంది, జడ పొడుగు మారిపోతుంది, ఒక్కోసారి వయసే మారిపోతుంది. దానికి మేం పాత్ర పట్టీ తయారుచేసుకుంటాం. ఎత్తు ఎన్ని తలలంత, కళ్లు ముఖంలో ఎంత కిందికి, చెవి ఏ వరసలో అని గీతలు గీసి పెట్టుకుంటాం. పిల్లల ముఖాల్లో కళ్లు పెద్దవాళ్లకన్నా కిందికి ఉంటాయి, నుదురు పెద్దది. ఇది తప్పితే ఎంత బాగా గీసినా చిన్న సైజు పెద్దమనిషి వస్తాడు.

మీరు బాబు చేయి గీస్తున్నారు కదా, ఇక వాడినే పాత్రగా తీసుకోండి. కూర్చున్నట్టు, పరిగెడుతున్నట్టు, అలిగినట్టు, పై అరలోని వస్తువు అందుకుంటున్నట్టు, వెనక నుంచి నడిచి వెళ్తున్నట్టు, ఐదు బొమ్మలు. పెన్సిల్‌తోనే. వెనక నుంచి చూసినా వాడేనని ఇంట్లోవాళ్లు గుర్తుపడితే గడుల కాగితం మొదలుపెట్టండి. ఆ ఐదూ అయ్యాక ఇక్కడ పెట్టండి, ఏ భంగిమలో ఎక్కడ జారిందో గుర్తు పెట్టి పంపుతాను.